హైదరాబాదు క్లోరోఫారం కమీషన్లూ, ఆలస్యంగా పెట్టిన ఒక సంతకమూ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. గండికోట గురించో, మన్రో దొర గురించో రాస్తానని అనుకుని ఉంటారు. అవి నాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మత్తుమందు చరిత్ర రాస్తున్నాను. నవ్వకండి. నేను డాక్టరును కాను. జమ్మలమడుగులో గుమాస్తాగా చేరి, పులివెందులలోను, ప్రొద్దుటూరులోను పనిచేసి, ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు కట్టి రిటైరైనవాడిని. కానీ ఒక ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టడానికి నేను చేసిన ఆలస్యం పన్నెండేళ్ళుగా నా మనసులో పెండింగులో ఉంది. ఆ ఫైలును ఈ సంచికలో ముగించాలని నా కోరిక.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. 1962లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఆమెకు కడుపులో గడ్డ అని ఆపరేషన్ చేశారు. ఏ ఊరో, ఏ ఆసుపత్రో ఇక్కడ రాయను. అప్పటివారు ఎవరూ ఇప్పుడు లేరు. లోపలికి తీసుకుపోయేటప్పుడు అమ్మ భయంతో వణికిపోతూ వరండా స్తంభం పట్టుకుని వదల్లేదు. నేనూ, ఎనిమిదేళ్ళ తమ్ముడూ చూస్తూ నిలబడ్డాము. ఆమె బల్ల మీది నుంచి మళ్ళీ లేవలేదు. బయటికొచ్చిన ఆయన మా నాయనతో “గుండె ఆగింది” అన్న రెండు మాటలే చెప్పి వెళ్ళిపోయాడు. కాగితం లేదు, వివరం లేదు. మా నాయన చచ్చేదాకా ఒక్కటే మాట అన్నాడు: “కలరాఫారం తీసుకపోయిందిరా మీ అమ్మను.”

మన పల్లెల్లో క్లోరోఫారమైనా, ఈథరైనా అన్నింటికీ అదే పేరు. జమ్మలమడుగులో నేను ఉద్యోగంలో చేరిన 1974 నాటికి లండన్ మిషన్ వారు స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ పెద్ద దిక్కు. పులివెందుల వైపు పల్లెల వాళ్ళు ముద్దనూరు మీదుగా పెన్న దాటి వచ్చేవారు. తర్వాత ముఖ్యమంత్రి అయిన డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి గారు కూడా వైద్యవృత్తి తొలినాళ్ళలో అక్కడ పనిచేసి, 1973లో పులివెందులలో తమ తండ్రి గారి పేర ఆసుపత్రి పెట్టారు. ఆ రోజుల్లో పాతకాలపు నర్సులు, వార్డు బాయిలు మత్తు ఇచ్చే పద్ధతి కథలుగా చెప్పేవారు. తీగెతో అల్లిన చిన్న బుట్టలాంటిది ముక్కు మీద పెట్టి, దానిమీద గుడ్డ కప్పి, చుక్కచుక్కగా మందు వేస్తూ రోగిని అంకెలు లెక్కపెట్టమనేవారట. ఇరవై దాటేలోపు గొంతు తడబడేదట. మళ్ళీ లేస్తాడా లేవడా అన్నది బయట కూర్చున్నవాళ్ళ భయం.

ఈ భయం మన జిల్లాది మాత్రమే కాదు. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు ఆవిరితో రోగికి మత్తు ఇచ్చి, నొప్పి లేకుండా ఆపరేషన్ చేయవచ్చని అందరి ముందూ చూపించాడు. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫారం వాడాడు. దాని వాసన తియ్యన, పని త్వరగా జరుగుతుంది. కానీ మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి వెళ్ళి క్లోరోఫారంతో చనిపోయింది. గోరు కోసం ప్రాణం పోవడంతో పెద్ద తగాదా మొదలైంది. క్లోరోఫారం చంపేది గుండెను ఆపా, ఊపిరిని ఆపా?

ఇది పండితుల వాదం మాత్రమే కాదు. ఊపిరి ముందు ఆగితే, గుండె ఆడుతున్నంతసేపు గాలి ఊది మనిషిని దక్కించుకోవచ్చు. గుండే ముందు ఆగితే ఆ రోజుల్లో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అందుకని లండన్ వాళ్ళు నాడి మీద వేలు పెట్టి కూర్చోమన్నారు. స్కాట్లండు వాళ్ళు నాడి వదిలెయ్, ఊపిరి చూడు అన్నారు. ఆ తగాదా తీర్చడానికి కూర్చున్న పంచాయితీ మన హైదరాబాదులోనే జరిగిందని నాకు అరవై దాటేవరకు తెలియదు.

మన జిల్లాను నిజాం 1800లోనే కుంఫిణీ వారికి దత్తం చేశాడు కాబట్టి మన పెద్దలు వైద్యానికి మద్రాసు వైపు చూసేవారు కానీ హైదరాబాదు వైపు కాదు. అయినా ఈ కథ తెలుగు నేల మీద జరిగినదే. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ మేజరు 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, వైద్య పాఠశాల ఆయన చేతి కింద ఉండేవి. ఎడిన్‌బరోలో సైమ్ అనే పెద్ద సర్జను శిష్యుడు కాబట్టి ఊపిరి చూడడమే సరి అని ఆయన నమ్మకం. ఊపిరి తీరుగా నడుస్తున్నంతసేపు క్లోరోఫారం వల్ల ప్రమాదం లేదన్నది ఆయన బోధ.

ఆ నమ్మకాన్ని రుజువు చేయడానికి 1888లో నిజాం ప్రభుత్వం తరఫున మొదటి క్లోరోఫారం కమీషన్ కూర్చుంది. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చింది. లండన్‌లోని ‘లాన్సెట్’ వైద్య పత్రిక దీన్ని ఒప్పుకోలేదు. మన భాషలో చెప్పాలంటే రిమార్కులు రాసి ఫైలు వెనక్కి పంపింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్, మీ మనిషినే పంపించండి, ఖర్చు మేమిస్తాం అని లాన్సెట్‌కు 1,000 పౌన్లు మంజూరు చేశాడు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చాడు. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండవ కమీషన్ నడిచింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, ఇలా వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. రక్తపోటు ఎక్కి దిగే తీరును యంత్రంతో కాగితం మీద గీత గీయించారు. గుండెకూ ప్రమాదమే అన్న అభిప్రాయంతో వచ్చిన బ్రంటన్ మనసు మారింది. ఊపిరి ఆగడం వల్ల, మందు ఎక్కువ కావడం వల్ల తప్ప గుండెకు నేరుగా ప్రమాదం లేదని డిసెంబరులో లండన్‌కు టెలిగ్రాం కొట్టాడు. 1890లో పూర్తి రిపోర్టు లాన్సెట్‌లోనే వచ్చింది.

ఇక్కడ ఒక స్త్రీ మూర్తిని తలచుకోవాలి. డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ వనిత. లారీ గారి వైద్య పాఠశాలలో చదివిన మొదటి ఆడపిల్లల్లో ఒకరు. 1889లో పట్టా తీసుకుని, హైదరాబాదు ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి రోగులకు క్లోరోఫారం ఇచ్చారు. 1909లో ఎడిన్‌బరో వెళ్ళి, మత్తువైద్యానికి పనికివస్తుందని భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి వచ్చారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తువైద్యురాలు ఆమేనని పలువురు రాశారు. మన ఇళ్ళలో ఆడపిల్లను అక్షరాలు దిద్దించడమే గొప్ప అనుకున్న కాలంలో ఆమె రోగి తల దగ్గర కూర్చుని ఊపిరి లెక్కపెడుతూ ఉండేది.

మరి కమీషన్ తీర్పు సరైనదేనా? కాదు. సగమే సరి. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ప్రయోగం చేసి, క్లోరోఫారం కొద్దిగా మాత్రమే ఎక్కిన స్థితిలో ఒంట్లో అడ్రినలిన్ పొంగితే గుండె గతి తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదని చూపించాడు. అడ్రినలిన్ పొంగేది ఎప్పుడు? భయపడినప్పుడు, నొప్పి తగిలినప్పుడు. అంటే మత్తు ఎక్కువైనవాడికే కాదు, సగం మత్తులో భయంతో ఉన్నవాడికి కూడా గండమే. ఈ వాక్యం చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. వరండా స్తంభం పట్టుకున్న మా అమ్మ చేయి గుర్తుకు వచ్చింది. దీన్ని బట్టి ఆమె కేసు తేల్చను. కేసు షీటు లేని కేసును తేల్చకూడదని ఉద్యోగం నాకు నేర్పింది.

మనలో చాలామంది విచారణ సంఘాలకు కాగితాలు టైపు కొట్టినవాళ్ళమే. తీర్పు ముందు రాసుకుని విచారణ తర్వాత జరిపేవి ఎలా ఉంటాయో మనకు తెలుసు. లారీ దొర పని కొంత అలాంటిదే. కానీ ఆయన పట్టుదలలో ఒక మంచి మిగిలింది. మత్తు ఇచ్చేవాడు చుట్టూ చూడకూడదు, కత్తి పట్టినవాడి పని చూడకూడదు, రోగి ఊపిరే చూడాలి అన్న పాఠం. దానికి లెవీ గుండెను కూడా చూడమని చేర్చాడు. ఈనాడు మత్తు డాక్టరు పక్కన తెరమీద కదిలే గీతలన్నీ ఈ రెండు పాఠాల ఫలమే.

ఇక మత్తు ఇచ్చే మనిషి ఆపరేషన్ బల్ల వదిలి వార్డులోకి ఎలా వచ్చాడో చూద్దాం. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలు చనిపోతుంటే ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, ఆపరేషన్‌లో చేసినట్టే గొంతులోకి గొట్టం వేసి చేతితో గాలి సంచి నొక్కుదాం అన్నాడు. యంత్రాలు చాలక వందల మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు కూర్చుని సంచులు నొక్కారు. మనం ఐ.సి.యు. అని పిలిచే గది పుట్టుక అదే.

ఆపరేషన్ కోసం పుట్టిన మత్తు గ్యాసును జబ్బుకే మందుగా వాడే ఆలోచన కూడా పాతదే. ధనుర్వాతంతో విల్లులా వంగిపోయే రోగికి వెనకటి డాక్టర్లు క్లోరోఫారం పీల్పించి మూర్ఛలు తగ్గించేవారు. అయితే ఈ దారిలో దెబ్బలూ తిన్నారు. ఆ కోపెన్‌హేగన్‌లోనే ధనుర్వాత రోగులకు నైట్రస్ ఆక్సైడు గ్యాసు రోజుల తరబడి ఇస్తే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోయాయని 1956లో వారే ప్రకటించారు. గంటసేపు మేలు చేసేది వారం రోజులు ఇస్తే కీడు చేయవచ్చు. అదే 1956లో హాలోథేన్ అనే కొత్త మందు వాడుకలోకి వచ్చింది. అందులో దాదాపు ఐదో వంతు కాలేయంలో విరుగుతుంది కాబట్టి అరుదుగా కొందరికి కాలేయం చెడేది. ఆ తర్వాత వచ్చిన ఐసోఫ్లురేన్ ఒంట్లో నూటికి ఒక వంతు కూడా విరగదు. ఊపిరితో లోపలికి పోయి ఊపిరితోనే బయటికి వచ్చేస్తుంది. పైగా బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది. మా ఇంటికి ఈ ఆఖరి మాటతోనే పని పడింది.

మా తమ్ముడు ప్రొద్దుటూరులో పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాడు. దూది దుమ్ములో ఇరవై ఏళ్ళు. ఉబ్బసం ముందే ఉంది, దుమ్ము దాన్ని పెంచింది. 2013 డిసెంబరులో ఒక రాత్రి పీల్చిన గాలి బయటికి రాక నీలంగా మారిపోయాడు. ప్రొద్దుటూరు నుంచి వేరే నగరానికి తీసుకుపోయి ఐ.సి.యు.లో వెంటిలేటరు మీద పెట్టారు. ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు, గొట్టంలోంచి మందులు అన్నీ ఇచ్చారు. రెండో రోజుకు కూడా ఛాతీ రాయిలాగే ఉంది. గాలి లోపలికి తోయడమే కష్టమవుతోందన్నారు.

అప్పుడు ఒక యువ డాక్టరమ్మ వచ్చి, “ఆపరేషన్ థియేటర్‌లో వాడే మత్తు గ్యాసు ఇద్దాం పెద్దాయనా. దాంతో నాళాలు వదులు కావచ్చు. బి.పి. పడిపోవచ్చు, అందుకు మందులు సిద్ధంగా ఉంచుకుంటాం” అని కన్సెంటు ఫారం చేతికిచ్చింది. మత్తు గ్యాసు అన్న మాట వినగానే నాకు మా నాయన గొంతు వినిపించింది. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని వేల కాగితాల మీద పొట్టి సంతకం పెట్టానో, ఆ ఒక్క కాగితం మీద చేయి కదల్లేదు. మా మరదలు “మీరు చెప్పండి బావా, పెడతా” అంటుంది. నేను చెప్పను. అడిగినదే మళ్ళీ అడుగుతాను. కళ్ళద్దాలు కనపడలేదని ఒకసారి, పెద్ద కొడుకు వస్తున్నాడని ఒకసారి సాకులు చెప్పాను. రెండు గంటలు గడిచాయి. చివరికి మరదలే అంది: “ఇంకా ఆలోచన చేస్తా ఉంటే ఎట్ల బావా? ఆడ ఆయనకు గాలి ఆడల్యా.”

నేను డాక్టరమ్మను ఒకే ప్రశ్న అడిగాను. “పక్కన ఎవరు కూచుంటారమ్మా?”

“నేనే కూచుంటా. తెల్లారేదాకా కదలను” అంది.

సంతకం పెట్టాను. థియేటర్‌లోని మత్తు యంత్రాన్ని మంచం పక్కకు తెచ్చారు. అద్దంలోంచి చూస్తే ఆమె స్టూలు మీద కూర్చుని ఒక కన్ను తెరమీద, ఒక కన్ను మా తమ్ముడి ఛాతీ మీద పెట్టింది. కొన్ని గంటల్లో వెంటిలేటరు ఒత్తిడి తగ్గుతూ వచ్చిందని చెప్పారు. మర్నాటికి గ్యాసు తగ్గించుకుంటూ పోయి ఆపారు. వారం తర్వాత వాడు మంచం మీద లేచి కూర్చుని “కాఫీ తాపండ్రా” అన్నాడు.

ఈ ఒక్క అనుభవంతో మత్తు గ్యాసు సర్వరోగ నివారిణి అని నేను రాస్తే తప్పు. ఉబ్బసానికి ఇది మొదటి మందు కాదు. అన్నీ విఫలమైనప్పుడు చేసే ఆఖరి ప్రయత్నాల్లో ఒకటి. మూర్ఛ ఆగకుండా వచ్చేవారికి కూడా అలాగే. వెంటిలేటరు మీద ఉన్నవారిని నిద్రపుచ్చడానికి మామూలుగా సిరలోకి మందు ఎక్కిస్తారు. దానికి బదులు గ్యాసు వాడడానికి స్వీడన్ వారు ఒక చిన్న వడపోత పెట్టె చేశారు. అందులోని బొగ్గు పొర రోగి వదిలిన మత్తులో చాలా భాగాన్ని పట్టి తిరిగి లోపలికే పంపుతుంది. కాబట్టి పెద్ద మత్తు యంత్రం అక్కరలేదు. 2020లో కోవిడ్ వచ్చి సిరలోకి ఎక్కించే మందులకు పలు దేశాల్లో కటకట ఏర్పడినప్పుడు ఈ పద్ధతి మీద అందరి చూపు పడింది. 2021లో జర్మనీ, స్లొవేనియా దేశాల్లో సుమారు 300 మంది రోగులతో జరిగిన పరీక్షలో, నిద్రపుచ్చడంలో ఐసోఫ్లురేన్ మామూలు మందుకు తీసిపోదని తేలింది.

కానీ 2025లో ఫ్రాన్సు నుంచి మరో ఫలితం వచ్చింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 687 మందిని, 37 ఐ.సి.యు.లలో, చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి సెవోఫ్లురేన్ గ్యాసు, రెండో వర్గానికి సిరలోకి మందు ఇచ్చారు. గ్యాసు మేలు చేస్తుందనే ఆశతో మొదలుపెట్టారు. తొంభై రోజులకు బతికి ఉన్నవారు గ్యాసు వర్గంలో నూటికి 47, రెండో వర్గంలో నూటికి దాదాపు 56. ఆశించినదానికి తలకిందులు. అయినా దాచకుండా అచ్చువేశారు. హైదరాబాదు కమీషన్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే. తీర్పు ముందు రాసుకోకుండా విచారణ జరపడం నేర్చుకోవడానికి వైద్యలోకానికి ఇంత కాలం పట్టింది. ఒక జబ్బులో పనికొచ్చిన మందు మరో జబ్బులో చెరుపు చేయవచ్చని మనమూ గుర్తుంచుకోవాలి.

ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకునే వయసు మనది. కాబట్టి అనుభవం మీద నాలుగు మాటలు. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు విపరీతంగా జ్వరం వచ్చినా, ప్రమాదం జరిగినా డాక్టరుకు తప్పక చెప్పండి. కొన్ని కుటుంబాల్లో అది వంశంలో వస్తుంది. వాడే మందుల జాబితా చొక్కా జేబులో ఉంచండి. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు ఫైలు కట్టి, మీ తర్వాతివాళ్ళకు అది ఎక్కడుందో చెప్పండి. మా అమ్మకు అలాంటి ఒక్క కాగితం ఉంటే మా నాయన అరవై ఏళ్ళ వయసులో కూడా గోడవైపు తిరిగి అదే మాట అనుకుంటూ పడుకునేవాడు కాడు. ఇక సంతకం అడిగినప్పుడు, అడగవలసినవి వెంటనే అడగండి. రోగి పక్కన ఎవరు ఉంటారని తప్పక అడగండి. జవాబు సరిగా ఉంటే ఆలస్యం చేయకండి.

మా తమ్ముడు ఈనాటికీ ప్రొద్దుటూరులోనే ఉన్నాడు. చేతిలో ఇన్‌హేలరు, నోట్లో రాజకీయాలు. ఆ రెండు గంటల సంగతి మరదలు వాడికి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఈ సంచిక వాడింటికి కూడా వెళుతుంది. చదువుతాడు. చదివి ఏమంటాడో విని, వచ్చే సమావేశంలో చెబుతాను.

సెలవు.